‘మరక’ అని రాసిన రెండు రోజులు

మా వీధిలో ఎవరిని అడిగినా ఒకటే చెబుతారు. కరోనా రెండో విడతలో మా అత్త ఆసుపత్రికి రానని మొండికేసిందట. చదువుకున్న కోడలు ఇంట్లో ఉండబట్టి, బలవంతాన అంబులెన్స్ ఎక్కించి ప్రాణం నిలబెట్టిందట. ఒకసారి పలాస బజారులో వంకాయలు ఏరుతుంటే ముఖపరిచయం లేని ఆవిడ నన్ను ఆపి, “ఆ టీచరమ్మ మీరేనా?” అని చేతులు పట్టుకుంది. వంకాయల సంచీతో నిలబడి తల ఊపాను. అంతకన్నా సిగ్గుమాలిన పని నా జీవితంలో చాలా తక్కువ చేశాను.

ఈ కథలో ఉన్నవి రెండే ముక్కలు, రెండూ అబద్ధం. మొండికేసింది అత్త కాదు, నేను. బలవంతాన బయల్దేరదీసింది నేను కాదు, పక్కింటావిడ. నా గురించి ఎవరైనా చెడ్డగా మాట్లాడితే వాళ్ళ గడప దాకా వెళ్ళి దెబ్బలాడి వస్తానని ఊరందరికీ తెలుసు. మంచిగా మాట్లాడితే ఎలా దెబ్బలాడాలో మాత్రం నాకు ఇప్పటికీ చేతకాలేదు. అందుకే రాస్తున్నాను.

మా మామ చిన్న వయసులోనే పోయాడు. అప్పటి నుంచి అత్త జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే పని చేసి కొడుకుని పెంచింది. కాల్చిన పిక్కని బండ మీద పెట్టి ఒక దెబ్బ వేస్తే పెంకు పగిలి పప్పు బయటికి వస్తుంది, దాంతో పాటు జీడి నూనె కూడా వస్తుంది. ఎంత బూడిద రాసుకుని కొట్టినా ఆ నూనె వేళ్ళని వదలదు. తోలు కాలి ఊడిపోతుంది, కొత్త తోలు వస్తుంది, అదీ నల్లబడుతుంది. కొన్నేళ్ళకి గోళ్ళూ, గోళ్ళ చుట్టూ, వేళ్ళ కొసలూ ఒకే రంగుకి వచ్చేస్తాయి. కొడుక్కి రైల్వేలో ఉద్యోగం వచ్చాక పని మానెయ్యమంటే, “సెయ్యి ఊరుకోదురా” అంది. మానలేదు.

నేను టెక్కలి దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను. పెళ్ళయిన కొత్తలో అత్తకీ నాకూ పడేది కాదు. తర్వాత తర్వాత దెబ్బలాట మా ఇద్దరికీ అలవాటుగా మారింది. ఒక రోజు మాట పెరగకపోతే, “ఏటే, ఒంట్లో బాగులేదేటి?” అని ఆవిడే అడిగేది.

కరోనా మొదటి విడతలో ఫ్యాక్టరీ ఆడవాళ్ళందరిదీ ఒకే నమ్మకం. పిక్కలు కాల్చే పొగ పీల్చేవాళ్ళకి ఈ జబ్బు రాదని.

“ఆ పొగకి దోమే బతకదు. కరోనా బతుకుతాదేటి?” అనేది అత్త.

“దోమ బతకని పొగలో నువ్వెలా బతుకుతున్నావో అది ఆలోచించు ముందు,” అనేదాన్ని.

“నాను దోమనేటి? నీ అత్తని.”

మొదటి విడతలో ఆవిడకి రాలేదు. దాంతో పొగ గెలిచింది, నేను ఓడాను. పోనీ ముక్కుకి గుడ్డ కట్టుకోమంటే, పొగ లోపలికి పోవద్దా అనేది. రెండో విడత వచ్చేసరికి నేను ఇంటిని నా చేతుల్లోకి తీసుకున్నాను. బడి మూసేశారు, మా ఆయన డ్యూటీ మీద బరంపురంలో ఉండిపోయాడు, ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. కిటికీలన్నీ తెరిపించాను. ఫ్యాక్టరీ నుంచి రాగానే పెరట్లోనే స్నానం. గుమ్మం దాటితే మాస్కు, అదీ ముక్కు కింద కాదు, ముక్కు మీద. వేలికి తగిలిస్తే ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూపించే చిన్న మిషను మొదటి విడతలోనే మా ఆయన కొని తెచ్చాడు. వీధి మొత్తానికి అదొక్కటే. ఎవరికి జ్వరం వచ్చినా అది నా దగ్గర నుంచే వెళ్ళేది, స్పిరిట్‌తో తుడిపించుకుని తిరిగొచ్చేది. తొంభై నాలుగు కంటే దిగితే ఏం చెయ్యాలో నేనే చెప్పేదాన్ని. ఇద్దరు ముగ్గురిని ఆసుపత్రికి పంపింది కూడా నేనే.

అంత చేసినా అత్తకి జ్వరం వచ్చింది. పరీక్ష చేయిస్తే పాజిటివ్ అన్నారు. ఆవిడ టీకా ఇంకా వేయించుకోలేదు. రేపు, ఎల్లుండి అంటూ నేనే సాగదీశానో ఆవిడే సాగదీసిందో, దాని మీద మేం ఇప్పటికీ దెబ్బలాడుకుంటాం. వీధి గది ఖాళీ చేసి మంచం కిటికీ పక్కకి లాగాను. రెండు మాస్కులు కట్టుకుని లోపలికి వెళ్ళేదాన్ని. నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి గోడకి అంటించి, గీతలు గీసి, పూటపూటకీ జ్వరం ఒక గడిలో, ఆక్సిజన్ అంకె ఒక గడిలో రాసేదాన్ని. ఆశా కార్యకర్త తెచ్చి ఇచ్చిన మాత్రలు వేళకి వేశాను. బోర్లా పడుకోబెట్టాను. అల్లం మిరియాల కషాయం అడిగితే, గొంతుకి హాయిగా ఉంటుంది, జబ్బుని మాత్రం ఏమీ చెయ్యదని ఉపన్యాసం చెప్పి మరీ కాచి ఇచ్చాను. మందుల షాపు కుర్రాడు, జ్వరం వచ్చిన రోజు నుంచే స్టెరాయిడ్ వేసెయ్యండి, అందరూ వేస్తున్నారని చెబితే, డాక్టరు చెప్పకుండా అది ముట్టుకోనని వాడితో షాపు ముందే గొడవపడి వచ్చాను. అందులో నాదే పైచేయి, అందులో తప్పు నాది కాదు కూడా. ఇలా వరసగా నాలుగు రోజులు సరైన పనులే చేస్తూ వచ్చాక, ఐదో రోజు నేను చేసేది తప్పయ్యే వీలుందన్న ఆలోచనే నాకు రాలేదు.

ఐదో రోజు సాయంత్రం మిషను తొంభై రెండు చూపించింది.

“ఎంతున్నాదే?” అని అడిగింది అత్త.

“తొంభై రెండంటోంది. ఇది సరిగ్గా పట్టలేదు. నీ వేళ్ళు చూడు, బొగ్గుల్లా ఉన్నాయి. లోపల ఎర్ర వెలుతురు వేలిని దాటుకుని అవతలికి వెళ్ళాలి. జీడి మరక అడ్డొస్తే ఎలా దాటుతుంది?”

“మరయితే ఎల్దామేటి? సంచీ సర్దీసినాను.”

“ఎక్కడికి?”

“ఆసుపత్రికి. ఆశా గుంట సెప్పినాది కాదేటి, తొంబై నాలుక్కి దిగితే ఊరుకోవద్దని.”

“ఆ పిల్ల చెప్పింది మామూలు వేళ్ళకి.”

అత్త తన చేతులు తిప్పి చూసుకుంది. “నాయి మామూలు ఏళ్ళు కావేటి?” అంది. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు.

మంచం కింద సంచీ ఉంది. రెండు చీరలు, ఒక దుప్పటి, గ్లాసు, పళ్ళెం, ఆధార్ కార్డు. నేను చూడలేదని చెప్పడానికి లేదు, చూశాను. ఆ పూటే బయల్దేరి ఉంటే ఇంత రాయవలసిన పని ఉండేది కాదు.

నేనేం చేశానంటే, వేడి నీళ్ళు తెచ్చి ఆవిడ వేలు తోమడం మొదలుపెట్టాను. ముందు కొబ్బరి నూనె, తర్వాత సబ్బు, తర్వాత పాదాలు రుద్దుకునే రాయి. జ్వరంతో ఉన్న మనిషిని గోడకి ఆనించి కూర్చోబెట్టి, ఒక్క చూపుడు వేలిని అరగంట పైగా రుద్దాను.

“పెళ్ళికి కూడా నాకింత నలుగెట్టలేదే,” అంది అత్త కళ్ళు మూసుకుని.

“కదలకు.”

“ఈ ఒక్క ఏలూ తెల్లగ సేసి ఒగ్గెయ్యకు. మిగతాయి కుళ్ళుకుంటాయి.”

నవ్వాను. ఆవిడా నవ్వింది, నవ్వు మధ్యలో దగ్గు వచ్చి ఆగిపోయింది. వేలు ఎర్రబడింది గానీ నలుపు పోలేదు, ఎన్నో ఏళ్ళ నలుపు అది. మళ్ళీ మిషను పెడితే తొంభై ఒకటి. కాలి వేలికి పెట్టాను, అక్కడా అంతే. ఫ్యాక్టరీలో చెప్పుల్లేకుండా తిరుగుతారు కదా, కాళ్ళకీ మరకే అనుకున్నాను. చెవి తమ్మెకి పెడితే జారిపోయింది. గోడ మీద కాగితంలో తొంభై ఒకటి అని రాసి, దాని పక్కన ‘మరక’ అని రాశాను. అక్షరాలు నా చేతి రాతే. పిల్లల నోటుబుక్కుల్లో ‘కారణం తెలుపుము’ అన్న చోట జవాబు సరిపోయిందని టిక్కు పెట్టేటంత ధీమాగా రాశాను.

ఆ రాత్రి మా ఆయన ఫోన్ చేశాడు. అంకె చెప్పాను, మరక సంగతి కూడా చెప్పాను.

“నువ్వు సైన్సు టీచరివి, నీకు తెలియదా,” అన్నాడు.

ఆయన నా మాట నమ్మడం అలవాటు చేసుకున్న మనిషి. ఆ అలవాటు చేసింది నేనే.

నిజం చెప్పాలంటే నాకు భయం. అంతకు వారం ముందే మా వీధి చివర ఒకాయనని నడిపించి అంబులెన్స్ ఎక్కించారు, మూడో రోజు కవర్లో చుట్టి తెచ్చారు. ఇంటికి కూడా తేలేదు, తిన్నగా కాటికే. కొడుకుని కూడా దూరంగా నిలబెట్టారు. అత్తని సంచీతో ఆ బండి ఎక్కిస్తే ఆ బండి వెనక్కి ఏం తెస్తుందో నాకు కళ్ళ ముందు కనబడుతోంది. వీధిలో వేరే వాళ్ళని పంపినప్పుడు ఆ భయం లేదు, ఎందుకంటే వాళ్ళు నా అత్తలు కారు. భయపడుతున్నానని ఒప్పుకుంటే ఎవరో ఒకరు ధైర్యం చెప్పి బయల్దేరదీసేవారు. నేను ఒప్పుకోలేదు. ఆ భయానికి సైన్సు పేరు పెట్టాను. చదువురాని వాళ్ళ భయం మీద నేను ఎన్ని ఉపన్యాసాలు చెప్పానో, ఎంతమందిని నవ్వులపాలు చేశానో లెక్క లేదు. పొగని నమ్మిన వాళ్ళకి కనీసం ఆ పొగ కనబడేది.

ఆరో రోజు పొద్దున తొంభై, సాయంత్రం ఎనభై తొమ్మిది. రెండు గడుల్లోనూ పక్కన ‘మరక’. అత్త ఆ రోజు సంచీ మాట ఎత్తలేదు, ఎక్కువ మాట్లాడనే లేదు. అన్నం సగంలో వదిలేసింది. “నువ్వు సెప్పినట్టే కానీ,” అంది ఒకసారి, నేనేమీ అడగకుండానే. మా ఇరవై ఏళ్ళ కాపురంలో, కాపురమంటే ఆవిడతో నాది, ఆ మాట ఆవిడ నోట్లోంచి రావడం అదే మొదటిసారి. దెబ్బలాడని అత్తని చూసి నేను కంగారుపడాలి. నేను గెలిచాననుకున్నాను.

ఏడో రోజు పొద్దున పక్కింటావిడ వచ్చింది. ఆవిడా అదే ఫ్యాక్టరీలో అత్త పక్కన కూర్చుని పిక్కలు కొట్టేది. అత్తని అప్పా అని, అంటే అక్కా అని, పిలుస్తుంది కాబట్టి నాకు చిన్నత్త వరస. మా వంటకి నాకు ఓపిక ఉండదని రోజూ ఇడ్లీలు తెచ్చి కిటికీ బయట గట్టు మీద పెట్టి వెళ్ళేది. ఆ రోజు కిటికీలోంచి అత్తని చూసి వెళ్ళకుండా నిలబడింది.

“అప్పకి పెదాలు అలగున్నాయేటి?”

“ఎలా ఉన్నాయి?”

“నేరేడుపళ్ళు తిన్నట్టు ఉన్నాయి. ఆ మిసనెంత సూపించినాది?”

ఎనభై ఏడు అని చెప్పాను. చెప్పి, వెంటనే మరక సంగతి, ఎర్ర వెలుతురు సంగతి, అంతా వివరించాను. చిన్నత్త మాస్కు పైకి లాక్కుంటూ శ్రద్ధగా విన్నది. నేను ముగించాక ఊచల మధ్య నుంచి చెయ్యి లోపలికి పెట్టింది.

“అయితే నా ఏలికెట్టి సూడు.”

“నీకు జ్వరం లేదుగా.”

“నేదు కాబట్టే ఎట్టమంతన్నాను. మా అప్ప కన్నా నాయే నలుపు. నాకెంత సూపిత్తాదో సూడు.”

స్పిరిట్‌తో తుడిచి పెట్టాను. ఇద్దరం అంకె కోసం చూస్తూ నిలబడ్డాం. తొంభై ఎనిమిది. వేలు మార్చింది. తొంభై ఎనిమిది. రెండో చెయ్యి పెట్టింది. తొంభై తొమ్మిది.

ఆవిడ ఏ బడికీ వెళ్ళలేదు. తొమ్మిదో తరగతి పిల్లలకి ఏటా నేను చెప్పేది అదే. ఒకటి మార్చి చూడాలనుకుంటే, దాన్ని మార్చని ఇంకొకటి పక్కన పెట్టుకుని పోల్చండర్రా అని. ఆ పని రెండు రోజులుగా నాకు తోచలేదు. ఆవిడకి ఇడ్లీ గిన్నె గట్టు మీద పెట్టిన అర నిమిషంలో తోచింది.

అప్పుడు గోడ మీది కాగితం చూశాను. మొదటి నాలుగు రోజుల గడుల్లో తొంభై ఏడు, తొంభై ఆరు, తొంభై ఏడు అని ఉన్నాయి. అదే అత్త, అదే చెయ్యి, అదే నల్లటి చూపుడు వేలు. మంచి అంకె వచ్చినన్నాళ్ళూ నాకు మరక కనబడలేదు.

“ఇంకేటి సూత్తావు? ఫోను సెయ్యి,” అంది చిన్నత్త. నేను ఇంకా ఆ కాగితం ముందే నిలబడి ఉంటే ఆవిడే వీధిలోకి వెళ్ళి కేకలేసి ఎవరి చేతనో ఫోన్ చేయించింది. బండి వచ్చేదాకా కిటికీ దగ్గర నుంచి కదలలేదు. నన్ను తిట్టలేదు కూడా. తిడుతుందని చూశాను.

టెక్కలిలో ఆక్సిజన్ మంచం దొరికింది. దొరకని వాళ్ళు ఆ రోజుల్లో ఎంతమందో, ఆ సంగతి కూడా మా వీధి కథలో ఉండదు. దారి పొడుగునా అత్త నా వేపు చూడలేదు, బయటికి చూస్తూ పడుకుంది. ఆసుపత్రి గుమ్మంలో తల నుంచి కాళ్ళ దాకా పీపీఈ కిట్టు వేసుకున్న డాక్టరు, ఆడో మగో కూడా తెలియలేదు, నేను తీసుకెళ్ళిన కాగితం అందుకుని పైనుంచి కిందకి చూసి ఒక చోట ఆగారు. గొంతు వింటే ఆడమనిషని తెలిసింది.

“ఈ ‘మరక’ ఏంటండీ?”

సమాధానం చెప్పడానికి నోరు తెరిచాను. వాదన మొత్తం సిద్ధంగానే ఉంది. కానీ ఆ వాదన వినడానికి కూడా ఆవిడకి టైము లేదని ముఖం కనబడకపోయినా అర్థమైంది.

“అది నా తప్పండీ,” అన్నాను.

ఆవిడ కాగితం తిరిగి ఇచ్చేసి, అత్తని లోపలికి తీసుకెళ్ళమన్నారు.

పన్నెండు రోజులకి అత్త ఇంటికి వచ్చింది. అక్కడ ఆక్సిజన్ పెట్టారు, ఇంజక్షన్లు ఇచ్చారు. నేను షాపు ముందు దెబ్బలాడి వద్దన్న స్టెరాయిడే అప్పుడు వేళకి, కొలతకి ఇచ్చారని తర్వాత తెలిసింది. బతికించింది వాళ్ళు. అక్కడికి చేర్చింది చిన్నత్త. ఆ రెండు రోజులు ముందే వెళ్ళి ఉంటే ఊపిరితిత్తులు ఇంత దెబ్బతినేవా అని ఒక డాక్టరుని అడిగాను. చెప్పలేం అన్నారు. వయసు, జీడి పొగ, జబ్బు, ఆలస్యం, అన్నీ కలిసి చేసిన పనిలో ఎవరి వాటా ఎంతో ఎవరు విడదీస్తారు? ఇప్పుడు ఆవిడ మేడ మీదకి ఎక్కాలంటే మధ్యలో రెండు చోట్ల ఆగుతుంది. ఫ్యాక్టరీ మానేసింది. చెయ్యి ఊరుకోదన్న మనిషి వరండాలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. చేతులు మెల్లగా రంగు తేరుతున్నాయి.

వచ్చిన వాళ్ళందరికీ కథ చెప్పేది ఆవిడే. “నాను రానని మంచం పట్టుకున్నాను, మా కోడలే ఈడ్సుకుపోనాది,” అని. మొదటిసారి విన్నప్పుడు తప్పు గుర్తుందేమో అనుకున్నాను. ఆవిడకి మరపు లేదు. పెళ్ళిలో మా పుట్టింటివాళ్ళు పెట్టిన చీర అంచు రంగు ఈనాటికీ దెప్పుతుంది.

చూడవచ్చిన వాళ్ళు వెళ్ళిపోయాక ఒకరోజు అడిగాను. “అలా ఎందుకు చెబుతావు? వద్దన్నది నేను కదా.”

“ఎవులన్నారు?”

“నేనే అంటున్నాను.”

“నువ్వంతే సరా? నోకం ఒప్పుకోవద్దా?” అని నవ్వింది. “నీకు పేరొత్తంటే నీకు నొప్పేటి?”

“నాకు పేరు అక్కర్లేదు.”

“నాకు కావాల. సదువుకున్న కోడలని నాను పదిమందికీ సెప్పుకున్నాను. ఇప్పుడు ఏటని సెప్పమంతావు?”

చిన్నత్త కూడా ఆ వేళ్ళ సంగతి ఎక్కడా అనలేదు. అనవద్దని అత్తే చెప్పిందేమో తెలియదు. ఆ తర్వాత నేనే అత్తని టీకాకి తీసుకెళ్ళాను. సూది వేసినప్పుడు నర్సు, “భయమేస్తోందా పెద్దమ్మా?” అంటే, “మా కోడలు పక్కనుంటే బయమేటి?” అంది. నన్ను పొగిడిందో పొడిచిందో ఆ గొంతులో నాకు తెలియలేదు.

ఈ జబ్బులో ఒక చిత్రముందని తర్వాత చదివాను. ఒంట్లో ఆక్సిజన్ బాగా పడిపోయినా కొంతమందికి ఆయాసమే తెలియదట. మామూలుగా మాట్లాడతారట, నవ్వుతారట. వేలు రుద్దుతుంటే అత్త వేసిన జోకులు గుర్తొచ్చి, ఆవిడకీ అలాగే అయి ఉంటుందని కొన్నాళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆరో రోజున ఆవిడ సరిగా మాట్లాడనే లేదు కదా. ఊపిరి అందుతున్న మనిషి నాతో దెబ్బలాడకుండా ఒక రోజంతా గడుపుతుందా? కోడలు సైన్సు చెప్పింది కాబట్టి తన ఒళ్ళు చెప్పేదే తప్పనుకుని, అందని ఊపిరిని లోపలే దాచుకుని పడుకుందా?

ఎన్నోసార్లు అడిగాను. వంట చేస్తూ అడిగాను, తల దువ్వుతూ అడిగాను, దెబ్బలాటలో గట్టిగా కూడా అడిగాను. “అయన్నీ ఇప్పుడెందుకే” అంటుంది, కిటికీ వేపు చూస్తుంది, లేకపోతే టీ పెట్టమంటుంది. ఆవిడ ఇంకా నా ఎదురుగానే ఉంది కాబట్టి ఇక్కడ కూడా అడుగుతున్నాను. అత్తా, ఆ రెండు రోజులూ నీకు ఊపిరి ఆడిందా, ఆడలేదా?